నిలువీత

ఈత అనగానే నీటిని చీల్చుకొని దూసుకుపోయే గజ ఈతగాడు మనసులో మెదలుతాడు. ఒక ఒడ్డు నుండి మరొక ఒడ్డుకు పోగలవాడికే ఈత వచ్చినట్లని లోకం భావిస్తుంది. కాని లోతు నీటిలో హఠాత్తుగా పడినవారికి తక్షణం కావలసింది దూరం పోగల నేర్పు కాదు. ఉన్నచోటనే ముఖాన్ని నీటిపై నిలుపుకొని, ఊపిరి తీసుకుంటూ వేచి ఉండగల నేర్పు. పాదాలకు నేల అందనిచోట దేహాన్ని నిలువుగా ఉంచి, ముందుకు సాగకుండా తేలి ఉండటమే నిలువీత.

వేసవిలో కృష్ణా, గోదావరి వంటి నదులు పాయలుగా చీలి, ఎంతో నిరపాయంగా కనిపిస్తాయి. ఇసుక తవ్వి విడిచిన గోతులు మాత్రం నీటి అడుగున కనిపించవు. మోకాటి లోతున నడుస్తున్నవాడు మరుసటి అడుగుకే నిలువులోతులో పడవచ్చు. ఒడ్డు నాలుగు బారల దూరంలోనే ఉంటుంది. స్నేహితులూ అక్కడే ఉంటారు. ఒక్క నిమిషం నిలదొక్కుకోగలిగితే తాడో, కర్రో, విప్పి విసిరిన పంచో చేతికందుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. నీట మునిగి మరణించేవారిలో దాదాపు సగం మంది 29 ఏళ్ల లోపువారే.

నిలువీతలోని రహస్యం భౌతికశాస్త్రంలో ఉంది. నీటిలో మునిగిన వస్తువుపై, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన ఉత్ప్లవన బలం పనిచేస్తుందని ఆర్కిమెడిస్ క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలోనే తెలిపాడు. మానవదేహపు సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. ఒక లీటరు గాలిని అదనంగా పీల్చుకుంటే దేహం అంతమేర విస్తరించి, ఒక కిలో బరువును మోయగల ఊత అదనంగా లభిస్తుంది. అందువలన నిండుగా ఊపిరి పీల్చినవారిలో చాలామంది కదలకుండానే తేలుతారు. పూర్తిగా విడిచినవారు మెల్లగా మునుగుతారు. ఊపిరిని త్వరగా పీల్చి, నిదానంగా విడవాలని శిక్షకులు చెప్పడం ఇందుకే.

ఈ ఊత స్వల్పమైనది. భయపడినవాడు దానిని తానే పోగొట్టుకుంటాడు. 50 కిలోల బరువున్న విద్యార్థి రెండు చేతుల బరువు సుమారు 5 కిలోలు. సాయం కోసం చేతులు పైకెత్తిన మరుక్షణం ఆ 5 కిలోలను నీరు మోయడం మానివేస్తుంది. ఆ భారం కూడా మిగిలిన దేహంపై పడుతుంది. తల బరువూ దాదాపు అంతే. అందుచేత మెడ వరకు పైకి లేవాలని పెనుగులాడరాదు. తలను కొంచెం వెనుకకు వాల్చి, చెవులు నీటిలోనే ఉండగా నోరు, ముక్కు పైకి ఉంటే చాలు. చేతులను నీటి లోపలే ఉంచి, కళ్లంలో ధాన్యాన్ని అరచేతులతో నెరిపినట్లు ఇరువైపులకు, మరల లోనికి మృదువుగా కదపాలి. నీటిని చరచడం వలన అలసటే తప్ప ఊత లేదు.

కాళ్ల పని కొంత కష్టమైనది. కొత్తవారు సైకిలు తొక్కినట్లు కాళ్లు ఆడిస్తారు. దానితో కొంతసేపు నిలువవచ్చు గాని త్వరగా అలసిపోతారు. ఇంతకంటె మేలైన పద్ధతి వాటర్ పోలో ఆటగాళ్లది. 1900లోనే ఒలింపిక్ క్రీడలలో చోటు పొందిన ఆ ఆటలో గోల్‌కీపర్ మినహా ఎవరూ కొలను అడుగున కాలూనరాదు. వారు కుర్చీలో కూర్చున్నట్లు తొడలను ముందుకెత్తి, మోకాళ్లను ఎడంగా ఉంచి, మోకాలి క్రింది భాగంతో సున్నాలు చుడతారు. రెండు కాళ్లూ పరస్పరం వ్యతిరేక దిశలలో, ఒకదాని తరువాత ఒకటిగా తిరుగుతాయి. ఒక కాలు నీటిని నొక్కుతుండగా రెండవది యథాస్థానానికి మరలుతుంది గనుక ఊత తెగిపోదు.

పల్లెలలో దిగుడుబావిలో ఈత నేర్పేటప్పుడు పిల్లల వీపుకు ఎండిన సొరకాయ బుర్రనో, బెండ్లనో కట్టేవారు. వాటి వలన భయం తీరుతుంది. అయితే మోసేది బెండే గనుక అసలు చదువు అది విప్పిన నాడే మొదలవుతుంది. ఈత కొలనులో శిక్షకుని సమక్షంలో, రొమ్ములోతు నీటిలో, గట్టును పట్టుకొని ముందుగా కాళ్ల కదలికను అభ్యసించాలి. ఆ తరువాత గట్టు విడిచి 10 సెకన్లు, 30 సెకన్లు, ఒక నిమిషం ఇలా పెంచుకుంటూ పోవాలి. అది పట్టుబడిన తరువాతనే, చేయి చాచితే గట్టు అందేంత దగ్గరలో, లోతుకు పోవాలి. పారే నది తొలి పాఠానికి తగినచోటు కాదు.

మునుగుతున్నవాడు కేకలు వేస్తాడనుకోవడం పొరపాటు. ఊపిరికే చాలని నోటికి కేక వేసే అవకాశం తరచుగా ఉండదు. దగ్గరకు వచ్చినవారిని వాటేసుకొని తనతోపాటు ముంచివేయగలడు. నిలువీత కొత్తగా నేర్చినవాడు తనను తాను నిలుపుకోగలడే గాని మరొకరి బరువును మోయలేడు. అటువంటివాడు గట్టున నిలిచి తాడునో, కర్రనో అందించాలి. మూత బిగించిన ఖాళీ బిందెనైనా విసరాలి. కేకలు వేసి పెద్దలను పిలవాలి.