ఏ మొక్కకు ఏ వీడియో?

ఎండలు తగ్గుముఖం పట్టగానే మన గ్రూపుల్లో ఫొటోలు మొదలవుతాయి. ఒకరి బాల్కనీలో మెంతికూర, ఇంకొకరి మేడమీద గోంగూర. వెనకాలే ప్రశ్న: "అక్కా, ఆకు ముడుచుకుపోతోంది, ఏం చల్లాలి?" అంతే, పది వీడియోలు వచ్చి పడతాయి. వాటిలో ఏది పనికొస్తుందో ఎలా తెలుసుకోవాలి?

ముందు ఊరు, నెల చూడండి. తెలుగు వీడియోలు చాలావరకు తొలకరి పడగానే విత్తమంటాయి. బహ్రెయిన్‌లో జూన్‌లో విత్తితే మొలక మాడిపోతుంది. మనకి సాగు కాలం ఇంచుమించు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. పగలు 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదు, ఎంత ఎరువేసినా సరే. ఎండాకాలంలో బచ్చలి, తోటకూర కాస్త ఓర్చుకుంటాయి, అదీ నీడ ఇస్తేనే. అందుకే వెతికేటప్పుడు మొక్క పేరు పక్కన "గల్ఫ్", "దుబాయ్", "ఖతార్" అని చేర్చండి. మలయాళీలు ఇక్కడి మేడలమీదే తీసిన వీడియోలు దొరుకుతాయి. భాష రాకపోయినా వాళ్ళ చేతులు చూస్తే చాలు. ఉప్పునీళ్ళ సాగు గురించయితే దుబాయ్‌లో 1999 నుంచి ఉన్న ఐసీబీఏ పరిశోధన కేంద్రం సైటు చూడండి.

అన్నీ ఫోనులోనే వెతకక్కర్లేదు. చలికాలంలో శనివారాలు బుదయ్యా తోటలో రైతుల సంత పెడతారు కదా, కొత్తిమీర కట్ట కొంటూ ఎప్పుడు విత్తారో అడగండి. ఇక్కడి మట్టి సంగతి వాళ్ళకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది!

ఇక తెగుళ్ళు. ప్లాంటిక్స్ అనే యాప్ తెలుగులోనూ ఉంది. ఆకు ఫొటో తీస్తే తెగులేదో అంచనా చెబుతుంది. అంచనా అనే గుర్తుపెట్టుకోండి. నేను నర్సుని, ఫొటో చూసి మందు రాసెయ్యడం నాకు మింగుడుపడదు. మందు పేరు చెప్పి, లీటరు నీటికి ఎంతో, చల్లాక ఎన్ని రోజులకు కొయ్యాలో చెప్పని వీడియోని అక్కడితో ఆపెయ్యండి. ఆ కూర తినేది మన పిల్లలే.

ఊళ్ళో నాన్నకో, తమ్ముడికో మనం పంపే ఫార్వర్డులు ఇంకా జాగ్రత్తగా పంపాలి. "విదేశాల్లో ఉన్న అమ్మాయి పంపింది" అంటే వాళ్ళు కళ్ళు మూసుకుని నమ్ముతారు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ చల్లకూడదని 2005లోనే నిషేధించారు. అయినా ఆ పేరు చెప్పే పాత సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషమని లెక్క. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

వీడియో కంటే వాళ్ళకి ఒక నంబరు పంపండి: కిసాన్ కాల్ సెంటర్, 1800-180-1551. ఇండియా ఫోను నుంచి ఉచితం. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడొచ్చు. చదవగలిగినవాళ్ళు ఇంట్లో ఉంటే వికాస్‌పీడియా తెలుగు పేజీలు, వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం సైటు చూపించండి. విత్తనాలకి బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. "అర్క" అని మొదలయ్యే రకాలన్నీ వాళ్ళవే, ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు.

సెలవుల నుంచి వస్తూ ఆ పొట్లాలు సూట్‌కేసులో వేసుకునే ముందు మాత్రం ఇక్కడి దిగుమతి నియమాలు ఒకసారి చూసుకోండి. ఈసారి గ్రూపులో సలహా అడిగేటప్పుడు ఆకు ఫొటోతో పాటు కుండీ, ఎండ పడే వేళ, ఎప్పుడు విత్తారో కూడా రాయండి.