రొమ్ము శస్త్రచికిత్స అనంతర నరాల నొప్పి

రొమ్ము శస్త్రచికిత్స అనంతర నరాల నొప్పి అనగా రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగి, గాయం పూర్తిగా మానిన తరువాత కూడా ఛాతీ ముందు భాగంలోను, చంకలోను, దండచేయి లోపలి వైపున మూడు నెలలకు మించి నిలిచిపోయే నొప్పి. వైద్య గ్రంథాలలో దీనిని పోస్ట్ మాస్టెక్టమీ పెయిన్ సిండ్రోమ్ అని వ్యవహరిస్తారు. మాస్టెక్టమీ అంటే రొమ్మును పూర్తిగా తొలగించడం. పేరు అలా ఉన్నప్పటికీ, గడ్డను మాత్రమే తీసివేసి రొమ్మును కాపాడిన వారిలో కూడా ఈ నొప్పి వస్తుంది. శస్త్రచికిత్సలో తెగిన, సాగిన లేక నలిగిన నరాలే దీనికి ముఖ్య కారణం. అందువలన మామూలు నొప్పి మాత్రలకు ఇది సాధారణంగా లొంగదు. దీనికి వాడే మందులు వేరు.

కారణం

వెన్నుపాము నుండి వెలువడే రెండవ వక్షనాడి శాఖ ఒకటి పక్కటెముకల మధ్య నుండి బయటికి వచ్చి, చంకలోని కొవ్వు గుండా సాగి, దండచేయి లోపలి వైపు చర్మానికి స్పర్శజ్ఞానాన్ని ఇస్తుంది. దీని పేరు ఇంటర్‌కాస్టోబ్రాకియల్ నరం. క్యాన్సర్ మొదట వ్యాపించే లింఫు గ్రంథులు కూడా ఆ కొవ్వులోనే ఉంటాయి. వాటిని తొలగించేటప్పుడు ఈ సన్నని నరం తరచుగా దెబ్బ తింటుంది. కొన్నిసార్లు దానిని కోయక తప్పదు. తెగిన నరపు కొస మరల పెరిగే ప్రయత్నంలో చిన్న బుడిపెగా మారి, తాకితే చాలు తీవ్రంగా నొప్పి పుట్టిస్తుంది. తరువాత ఇచ్చే రేడియేషన్ వలన కండరాలు, చర్మం గట్టిపడి నరాలను మరింత బిగిస్తాయి.

అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 1882లో మొదలుపెట్టి 1894లో ఫలితాలను ప్రకటించిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను మొత్తంగా తొలగించేవారు. దాదాపు 80 సంవత్సరాలు అదే ప్రామాణిక చికిత్సగా ఉండేది. ఆ కాలంలో రోగి బ్రతకడమే గొప్ప. ఆ తరువాత మిగిలే నొప్పి మీద వైద్యుల దృష్టి గట్టిగా పడింది 1970ల చివరి నుండి మాత్రమే.

లక్షణాలు

రోగులు ఈ నొప్పిని మంట, పోటు, సూదులతో గుచ్చినట్లు, కరెంటు షాకు కొట్టినట్లు అని వర్ణిస్తారు. విచిత్రమేమంటే, చర్మం మొద్దుబారిన చోటనే నొప్పి కూడా ఉంటుంది. రవిక అంచు రాసుకున్నా, పైట కొంగు తగిలినా భరించలేకపోవడం నరాల నొప్పికి ప్రత్యేక లక్షణం. తొలగించిన రొమ్ము ఇంకా ఉన్నట్లు, అందులోనే నొప్పి పుడుతున్నట్లు కొందరికి అనిపిస్తుంది. కాలు తీసివేసిన వారికి లేని కాలు నొప్పి పెట్టడం వంటిదే ఇది. దీనిని మనోభ్రమగా కొట్టివేయరాదు.

నరాల నొప్పిని గుర్తించడానికి ఫ్రాన్సు వైద్యులు 2005లో ప్రకటించిన డీఎన్4 అనే ప్రశ్నావళిని వాడుతారు. ఇందులోని 10 అంశాలలో 4 లేక అంతకంటే ఎక్కువ వర్తిస్తే నరాల నొప్పిగా భావిస్తారు. ప్రత్యేకమైన స్కానింగు గాని రక్తపరీక్ష గాని అవసరం లేదు.

డెన్మార్కులో 3,253 మంది స్త్రీలను శస్త్రచికిత్స జరిగిన రెండు మూడు సంవత్సరాల తరువాత ప్రశ్నించి, 2009లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వారిలో 47 శాతం మంది ఇంకా నొప్పి ఉన్నదని చెప్పారు. నొప్పి ఉన్నవారిలో 13 శాతం మందికి అది తీవ్రమైనది. 40 సంవత్సరాల లోపు వారికి, చంక గ్రంథులన్నీ తీసినవారికి, రేడియేషన్ పొందినవారికి ఇది ఎక్కువ. నొప్పి లేకపోయినా తిమ్మిరి, మొద్దుదనం ఉన్నవారు ఇంకా చాలామంది.

ఇంత సాధారణమైనప్పటికీ చాలామంది దీనిని వైద్యుడికి చెప్పరు. ప్రాణం దక్కింది, ఇక నొప్పి గురించి ఫిర్యాదు ఎందుకని ఇంట్లోవారూ అంటారు, రోగీ అనుకుంటుంది. క్యాన్సర్ తిరగబెట్టిందని చెబుతారేమోనన్న భయంతో దాచేవారూ ఉన్నారు.

తిరగబెట్టిన క్యాన్సర్ కాదని తేల్చుకోవడం

ఆ భయం పూర్తిగా నిరాధారమైనది కాదు. కావున మొదట చేయవలసినది పరీక్షే. శస్త్రచికిత్స నాటి నుండి ఒకే చోట, ఒకే తీరున ఉన్న నొప్పి సాధారణంగా నరాల నొప్పి. కొన్నాళ్ళు బాగుండి కొత్తగా మొదలైన నొప్పి, వారం వారం పెరిగే నొప్పి, కొత్తగా తగిలే గడ్డ, చేతి వాపు, చేతిలో బలం తగ్గడం ఉంటే ఆలస్యం చేయకుండా క్యాన్సర్ వైద్యునికి చూపించాలి. పాక్లిటాక్సెల్ వంటి కీమోథెరపీ మందుల వలన అరచేతులు, అరికాళ్ళలో కలిగే తిమ్మిరి వేరు. లెట్రోజోల్ వంటి మాత్రల వలన వచ్చే కీళ్ళ నొప్పులు కూడా వేరు.

మందులు

2015లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రకటించిన సిఫారసుల ప్రకారం నరాల నొప్పికి మొదట వాడవలసినవి అమిట్రిప్టిలిన్ వంటి ట్రైసైక్లిక్ మందులు, డులోక్సెటిన్, వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్. వీటిలో మొదటి మూడు మానసిక కుంగుబాటుకు, చివరి రెండు మూర్ఛకు కూడా వాడే మందులు. మందు పేరు చూసి "ఇది పిచ్చి మందు" అని ఆపివేసే రోగులు ఉంటారు కనుక, ఎందుకు ఇస్తున్నారో ముందే చెప్పడం అవసరం. అమిట్రిప్టిలిన్ మెదడు నుండి వెన్నుపాముకు దిగివచ్చే నొప్పి నిరోధక సంకేతాలను బలపరుస్తుంది. కుంగుబాటుకు ఇచ్చే మోతాదు కంటే తక్కువతోనే ఇది పని చేస్తుంది. సాధారణంగా రాత్రి 10 మిల్లీగ్రాములతో ప్రారంభించి నెమ్మదిగా పెంచుతారు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ మందులు నరాలలోని కాల్షియం ద్వారాలపై పనిచేసి, అతిగా స్పందించే నరాలను శాంతపరుస్తాయి.

ఫిన్లాండులో ఐజా కల్సో బృందం రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 15 మందిపై అమిట్రిప్టిలిన్‌ను పరీక్షించి 1996లో ఫలితాలు ప్రకటించింది. నొప్పి గణనీయంగా తగ్గింది గాని, దుష్ఫలితాల వలన ఎక్కువమంది మందును క్రమంగా వాడడానికి ఇష్టపడలేదు. నోరు ఎండిపోవడం, మగత, మలబద్ధకం ఇందుకు కారణాలు. వృద్ధులలోను, గుండె లయ సమస్యలు ఉన్నవారిలోను దీనిని జాగ్రత్తగా వాడాలి. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ వలన తలతిరుగుడు, పాదాల వాపు రావచ్చు. మూత్రపిండాలు సరిగా పనిచేయని వారికి మోతాదు తగ్గించాలి. ఈ మందులలో దేనినీ హఠాత్తుగా ఆపరాదు.

టామోక్సిఫెన్ వాడుతున్నవారి విషయంలో మరొక చిక్కు కలదు. టామోక్సిఫెన్‌ను కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైము చురుకైన రూపంలోకి మారుస్తుంది. పెరాక్సెటిన్, ఫ్లూవాక్సెటిన్ ఆ ఎంజైమును బలంగా, డులోక్సెటిన్ ఒక మోస్తరుగా అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ అడ్డుకునేది చాలా తక్కువ. పైగా టామోక్సిఫెన్ వలన కలిగే వేడి ఆవిర్లను కూడా అది తగ్గిస్తుంది. కనుక ఇటువంటి వారికి దానిని ఎంచుకోవడం తరచుగా చూస్తాము. నొప్పి వైద్యునికి తాను వాడుతున్న క్యాన్సర్ మందుల పట్టీని చూపడం రోగికి ఎంతో మేలు.

పై పూతలలో లిడోకైన్ పట్టీలు, కాప్సైసిన్ లేపనం ముఖ్యమైనవి. కాప్సైసిన్ అంటే మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థమే. మొదట మంట పుట్టించి, పదేపదే పూసినకొద్దీ నొప్పిని మోసే నరపు కొసలను మొద్దుబారుస్తుంది. ఇది పనిచేసే గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. లేపనంలో దీని పరిమాణం 0.1 శాతం కంటే తక్కువ. ఇంట్లో కారం నూరి పూసుకోవడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, చర్మం కాలిపోతుంది.

మందులతో నొప్పి పూర్తిగా పోవడం అరుదు. సగానికి తగ్గి, రాత్రి నిద్ర పట్టి, చేయి పైకెత్తగలిగితే చికిత్స ఫలించినట్లే లెక్క.

ఇంజెక్షన్లు, వ్యాయామం

మందులకు లొంగని నొప్పికి అల్ట్రాసౌండ్ సహాయంతో నరాల చుట్టూ మత్తుమందు ఇస్తారు. బ్లాంకో అనే వైద్యుడు 2011లో, 2013లో వివరించిన పెక్స్, సెరాటస్ బ్లాకులు ఈ కోవకు చెందినవే. బుడిపె స్పష్టంగా తెలిస్తే అక్కడే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు.

నొప్పికి భయపడి చేయి కదపకుండా ఉంచుకుంటే భుజం బిగుసుకుపోయి రెండవ నొప్పి తోడవుతుంది. గోడమీద వేళ్ళను పాకిస్తూ చేతిని రోజూ కొంచెం కొంచెంగా పైకి తీసుకువెళ్ళే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు సూచించిన నాటి నుండే మొదలుపెట్టాలి. చంక నుండి మోచేతి వైపు తాడులా బిగిసిన తీగలు కనబడినా కదలికలతోనే అవి సడలుతాయి.

నివారణ

1990లలో వచ్చిన సెంటినెల్ గ్రంథి పరీక్ష ఈ నొప్పిని తగ్గించడంలో పెద్ద ముందడుగు. రంగు ద్రవాన్ని గాని రేడియోధార్మిక పదార్థాన్ని గాని ఎక్కించి, క్యాన్సర్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షిస్తారు. అందులో క్యాన్సర్ లేకపోతే మిగిలిన చంకను ముట్టుకోరు. వ్యాధి ముదిరిన తరువాత ఆసుపత్రికి వచ్చినవారికి ఈ అవకాశం తరచుగా దక్కదు. మన దేశంలో అటువంటివారే ఎక్కువ. శస్త్రచికిత్స సమయంలో వెన్నెముక పక్కన నరాలకు మత్తు ఇస్తే దీర్ఘకాలపు నొప్పి రాదని ఆశించారు. అయితే 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఏడాది తరువాత కోత దగ్గర నొప్పి ఉన్నవారు ఆ మత్తు పొందిన వర్గంలో 28 శాతం, మామూలు మత్తు వర్గంలో 27 శాతంగా తేలింది.

ఎవరిని సంప్రదించాలి

చాలా పెద్ద ఆసుపత్రులలో నొప్పి క్లినిక్‌ను మత్తువైద్య విభాగంవారే నడుపుతారు. ఈ సంగతి తెలియక రోగులు ఒక విభాగం నుండి మరొక విభాగానికి తిరుగుతుంటారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉన్నది. వెళ్ళేముందు వారం రోజులపాటు నొప్పి ఏ వేళ, ఎక్కడ, ఏమి తగిలితే వస్తున్నదో, 0 నుండి 10 వరకు ఎంత ఉన్నదో ఒక కాగితం మీద వ్రాసుకుని తీసుకువెళితే వైద్యునికి మందు ఎంచుకోవడం సులభమవుతుంది.