రేడియో అయోడిన్ చికిత్స పొందినవారికి ఏటా పరీక్ష తప్పనిసరి

గార్డెన్ రీచ్ (కోల్‌కతా): థైరాయిడ్ గ్రంథి ఉధృతిని అణచడానికి రేడియోధార్మిక అయోడిన్ తీసుకున్నవారిలో అనేకులకు కాలక్రమేణా అందుకు పూర్తిగా విరుద్ధమైన సమస్య ఎదురవుతుంది. గ్రంథి మందగించి, హార్మోను ఉత్పత్తి క్షీణిస్తుంది. ఇది ఎవరికి, ఎప్పుడు సంభవిస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పగల పరీక్ష ఏదీ ఇంతవరకు లేదు.

బదిలీలు తప్పని ఉద్యోగుల విషయంలో ఇది మరింత ఆలోచించదగిన అంశం. హుగ్లీ తీరాన గల గార్డెన్ రీచ్ ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయానికి నెలవు. 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరేవరకు వాల్తేరు డివిజన్ కూడా ఈ జోన్ పరిధిలోనే ఉండేది. ఉద్యోగరీత్యా ఇటువంటి చోట చికిత్స పొంది, పదవీ విరమణ అనంతరం విశాఖపట్నానికో, శ్రీకాకుళానికో తిరిగి వచ్చిన వ్యక్తికి వైద్యుడు మారతాడు. పాత చీటీలు మూలనపడతాయి. ఆపై అలసట, బరువు పెరగడం, చలికి తాళలేకపోవడం, మలబద్ధకం, మతిమరుపు వంటి లక్షణాలు కనిపించినా, వయసు ప్రభావమని సరిపెట్టుకునే ప్రమాదం ఉన్నది.

రక్తంలోని అయోడిన్‌ను థైరాయిడ్ గ్రంథి అధికంగా గ్రహిస్తుంది. అయోడిన్-131 ఆ విధంగా గ్రంథిలోకి చేరి, తన బీటా కిరణాలతో అక్కడి కణాలను నశింపజేస్తుంది. దాని అర్ధాయువు సుమారు 8 రోజులు. ఈ వ్యాధికి రేడియో అయోడిన్‌ను 1941లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ తొలిసారిగా ప్రయోగించారు.

మోతాదు ఎక్కువైనా, గ్రంథి చిన్నదైనా మందగింపు త్వరగా వచ్చే అవకాశం అధికం. గ్రేవ్స్ వ్యాధిగ్రస్తులతో పోల్చితే, గడ్డల వల్ల ఉధృతి ఏర్పడినవారిలో ఇది తక్కువ. అయితే ఇవన్నీ సంభావ్యతను సూచించేవే తప్ప, వ్యక్తిగతంగా హామీ ఇవ్వగలిగినవి కావు. మోతాదు తగ్గిస్తే అసలు వ్యాధే తిరగబెట్టవచ్చు. తొలి సంవత్సరం గడిచిన తరువాత కూడా ఏటా నూటికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఈ స్థితికి చేరుతూనే ఉంటారని అంచనా.

అందుచేత జోస్యం కంటె నిఘాయే శరణ్యం. చికిత్స అనంతరం నెల, రెండు నెలల లోపు తొలి రక్తపరీక్ష జరపాలి. ఆ దశలో టి.ఎస్.హెచ్. స్థాయి ఇంకా అణగి ఉండి తప్పుదోవ పట్టించవచ్చు కనుక, ఫ్రీ టి-4ను కూడా చూడవలసి ఉంటుంది. ఆరు నెలల వరకు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, పరిస్థితి కుదుటపడిన తరువాత జీవితాంతం ఏటా ఒకసారి పరీక్ష అవసరం. లోపం బయటపడితే రోజూ పరగడుపున వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్రతో దానిని సరిదిద్దవచ్చు.

చికిత్స పొందిన సంవత్సరం, ఇచ్చిన మోతాదు రాసి ఉన్న కాగితాన్ని రోగి తన వద్ద భద్రపరచుకుని, ఏ ఊరు వెళ్లినా కొత్త వైద్యునికి మొదటే చూపడం ఎంతైనా శ్రేయస్కరం.