కాలిన ఊళ్లో కడుపుతీపి

డిసెంబరు 31 రాత్రి మన తెలుగు చర్చిల్లో చాలాచోట్ల కనిపించే దృశ్యమే ఇది. పన్నెండు దాటి కొత్త ఏడు మొదలయ్యాక ఒక పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి తెస్తారు. ఎవరి చేతికి ఏది వస్తే అదే వాళ్లకు ఆ ఏటి వాగ్దానం. కొందరు దాన్ని బైబిల్లో దాచుకుంటారు, కొందరు బీరువా తలుపుకు అంటిస్తారు. ఆ కార్డుల మీదా, క్రైస్తవ ఇళ్లలోని క్యాలెండర్ల మీదా తరచుగా కనబడే మాట ఒకటుంది. దేవుని కనికరం తరిగిపోదనీ, అది ప్రతి ఉదయం కొత్తగా మొదలవుతుందనీ చెప్పే మాట. అది విలాపవాక్యములు మూడో అధ్యాయం 22, 23 వచనాల్లో ఉంది.

కార్డు మీద ఆ మాట వెనకాల సూర్యోదయమో పూలతోటో అచ్చు వేస్తారు. అసలు ఆ మాట పుట్టింది మాత్రం పొగ ఆరని ఊళ్లో. పుస్తకం పేరే విలాపం.

క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దం మొదట్లో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ముట్టడి ఏడాదిన్నర పైగా సాగింది. బయటి నుంచి గింజ రాలేదు, లోపలివాళ్లు కదలలేకపోయారు. క్రీ.పూ. 586 ప్రాంతంలో గోడ కూలింది. సొలొమోను కట్టించిన దేవాలయం తగలబడింది. బతికినవాళ్లలో చాలామందిని బబులోనుకు పట్టుకుపోయారు. మిగిలినవాళ్ల గొంతు ఈ పుస్తకంలో వినిపిస్తుంది. రాసింది యిర్మీయా ప్రవక్త అని సంప్రదాయం. పుస్తకంలో మాత్రం రాసినవారి పేరు ఎక్కడా లేదు.

దుఃఖంలో రాసిందే అయినా ఈ పుస్తకానికి గట్టి కట్టుబాటు ఉంది. హీబ్రూ అక్షరాలు 22. మొదటి నాలుగు అధ్యాయాలూ ఆ అక్షరక్రమంలోనే నడుస్తాయి. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరంతో మూడేసి వచనాలు మొదలవుతాయి, మొత్తం 66. మన అకారాది పద్యాల్లాంటి పద్ధతే. గుండె చెదిరినవాడు మాటలనైనా ఒక వరుసలో నిలబెట్టుకోవాలని చూసినట్టుంటుంది.

ఆ మూడో అధ్యాయాన్ని మొదటి నుంచీ చదివితే కార్డు మీది మాట అంత తొందరగా రాదు. ముందు ఇరవై వచనాల చేదు మింగాలి. దేవుడు తనను గొలుసులతో బంధించాడంటాడు కవి. మొరపెట్టినా చెవిన పెట్టడం లేదంటాడు. ఎలుగుబంటిలా పొంచి ఉన్నాడంటాడు. నోట్లో రాళ్లు వేసి పళ్లు అరిగేలా నమిలించాడంటాడు. 18వ వచనానికి వచ్చేసరికి దేవుని మీద పెట్టుకున్న ఆశ కూడా చచ్చిపోయిందని తేల్చేస్తాడు.

తరువాత 21వ వచనంలో ఒక చిన్న మలుపు. బయట ఏదీ మారలేదు, శత్రువు వెళ్లిపోలేదు, కాలిన గుడి తిరిగి లేవలేదు. కవి ఒక సంగతిని జ్ఞాపకం చేసుకుంటున్నాడు, అంతే. ఆ జ్ఞాపకమే 22, 23, 24 వచనాలు. ఈ మూడింటికీ మొదటి అక్షరం 'హేత్'. 22వ వచనం హెసెద్ అనే మాటతో మొదలవుతుంది, అంటే మాట తప్పని ప్రేమ, మన బైబిల్లో కృప. 23వ వచనం మొదట్లో 'కొత్త' అనే మాట, 24వ వచనం మొదట్లో 'నా వాటా' అనే మాట. ఊరు పోయింది, పొలం పోయింది, వంశపు ఆస్తి పోయింది. ఇక నా పాలికి మిగిలింది దేవుడే అంటున్నాడు.

కృప పక్కనే 22వ వచనంలో మరో మాట ఉంది: రహమీమ్. తెలుగు బైబిలు దాన్ని వాత్సల్యత అంది. మంచి ఎంపిక. సంస్కృతంలో వత్సం అంటే దూడ. దూడ కనిపించగానే ఆవు పొదుగు చేపుతుందే, ఆ ప్రేమ వాత్సల్యం. హీబ్రూ మాటకూ అలాంటి చుట్టరికమే ఉంది. 'రెహెమ్' అంటే గర్భసంచి. రహమీమ్ అక్కడి నుంచి వచ్చిందే. మన ఇళ్లలో వాడే మాట ఒకటి దీనికి ఇంకా దగ్గర: కడుపుతీపి.

ఆ మాట ఎంత బలమైందో చూడాలంటే సొలొమోను తీర్పు గుర్తు చేసుకోండి. ఒక బిడ్డ కోసం ఇద్దరు తల్లులు తగువుకొస్తారు. కత్తి తెచ్చి బిడ్డను రెండు చేయమంటాడు రాజు. కన్నతల్లి తట్టుకోలేక, బిడ్డను ఆమెకే ఇచ్చేయండి గాని చంపకండి అని అడ్డుపడుతుంది. అప్పుడు ఆమెలో పొంగిందాన్ని చెప్పడానికి బైబిలు వాడిన మాట రహమీమ్. బిడ్డ తనకు దక్కకపోయినా బతికితే చాలనుకునే ప్రేమ అది.

ఇప్పుడు మళ్లీ విలాపవాక్యములకు వచ్చి నాలుగో అధ్యాయం పదో వచనం చూడండి. చదవడానికి మనసొప్పని వచనం. ముట్టడిలో ఆకలి ఎంత దూరం తెచ్చిందంటే, తల్లులు తమ చేతులతోనే తమ బిడ్డల్ని వండుకున్నారు. వాళ్లను కవి రాక్షసులు అనలేదు. కడుపుతీపి ఉన్న తల్లులు అనే అర్థంలో ఒక మాట వాడాడు. అది రహమీమ్ పుట్టిన ధాతువు నుంచే వచ్చింది.

ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చదివితేనే కార్డు మీది మాట బరువు తెలుస్తుంది. లోకంలో అన్నిటికంటే గట్టిదనుకున్న తల్లి ప్రేమ కూడా ఆ ఊళ్లో ఓడిపోయింది. ఆ ఓటమిని కళ్లారా చూసినవాళ్ల పుస్తకమే దేవుని కడుపుతీపి మాత్రం అయిపోలేదు అంటోంది. యెషయా గ్రంథం 49వ అధ్యాయం కూడా ఇదే చెబుతుంది. చంటిబిడ్డను తల్లి మరచిపోతుందా అని అడిగి, ఒకవేళ ఆమె మరచినా నేను మరవను అంటాడు దేవుడు.

మరి మార్పు లేని కనికరం అంటే ఏమిటి? రాయి కూడా మారదు, దానివల్ల ఎవరికీ ఓదార్పు రాదు. తల్లిని చూడండి. ఒకసారి లాలిస్తుంది, ఒకసారి కసురుతుంది, జ్వరమొస్తే చేదు మందు బలవంతంగా పోస్తుంది. చేతలు మారుతుంటాయి, కడుపుతీపి మారదు. ఊరి నాశనానికి తమ పాపాలే కారణమని ఈ పుస్తకం దాచకుండా ఒప్పుకుంటుంది. కానీ మనుషుల్ని ఏడిపించడం దేవునికి ఇష్టమై చేసే పని కాదని మూడో అధ్యాయం 33వ వచనం చెబుతుంది. 66 వచనాల అధ్యాయానికి అది సరిగ్గా నడిమి చోటు.

కొత్త నిబంధనకు వస్తే ఈ కనికరానికి ముఖం ఏర్పడుతుంది. యేసు జాలిపడ్డాడని చెప్పడానికి సువార్తికులు వాడిన గ్రీకు మాట కడుపులోని పేగుల పేరు నుంచి వచ్చింది. కడుపు తరుక్కుపోయింది అని మనం అనేది అదే. లూకా ఆ మాటను మూడుసార్లే వాడాడు. నాయీనులో ఒక్కగానొక్క కొడుకు శవం వెంట నడుస్తున్న విధవరాలిని యేసు చూసినప్పుడు ఒకసారి. దారిలో పడి ఉన్నవాణ్ణి సమరయుడు చూసినప్పుడు ఒకసారి. తప్పిపోయిన కొడుకు ఇంకా దూరంలో ఉండగానే తండ్రి చూసినప్పుడు ఒకసారి. మూడు చోట్లా ముందు కళ్లు చూశాయి, తరువాత కడుపు కదిలింది, ఆ వెంటనే కాళ్లూ చేతులూ కదిలాయి.

ఇక మన సంగతి. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి ఎప్పుడు లేస్తాం? జబ్బు నయమయ్యాక, ఉద్యోగం వచ్చాక, అప్పు తీరాక. విలాపవాక్యములు కవి కష్టం నడుమ లేచి నిలబడ్డాడు. చెప్పాక కూడా అతని ఏడుపు ఆగలేదు. ఆ మూడో అధ్యాయంలోనే 48వ వచనం దగ్గర కన్నీళ్లు మళ్లీ ఏరులై పారాయి. నమ్మకం ఉన్నచోట కన్నీరు ఉండకూడదనే నియమం బైబిల్లో లేదు.

ఇది ముఖ్యంగా ఆదరణ కూడికల్లో గుర్తుంచుకోవలసిన సంగతి. చనిపోయినవారి ఇంటికి వెళ్లి, దేవుడు మంచివాడు, ఏడవకూడదు అని మొదటి మాటగా అనేస్తుంటాం. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే పొరపాటు చేశారు. ఎదుటివారిని ఇరవై వచనాలు ఏడవనివ్వాలి. 21వ వచనానికి వాళ్లే వస్తారు. అంతవరకూ పక్కన కూర్చోవడమే మన పని.

విలాపవాక్యములు పుస్తకం చివరి వచనం కూడా హాయిగా ముగియదు. దేవుడు తమను పూర్తిగా విడిచిపెట్టేశాడేమోననే భయం మీద ఆగిపోతుంది. యూదులు దేవాలయ నాశనాన్ని తలచుకునే ఉపవాస దినాన ఈ పుస్తకాన్ని బిగ్గరగా చదువుతారు. చివరి వచనం అయ్యాక అక్కడితో ఆపరు. దాని ముందు వచనాన్ని, తమను తిరిగి రప్పించమని దేవుణ్ణి అడిగే ప్రార్థనను, ఇంకొకసారి చదివి లేస్తారు.

ఈసారి మీ చేతికి ఆ వాగ్దానం కార్డు వస్తే, బీరువాకు అంటించే ముందు బైబిలు తెరిచి ఆ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదవండి. మీ కష్టం ఇంకా తీరకపోతే మరీ ముఖ్యంగా చదవండి. ఆ మాట రాసినవాడి కష్టం కూడా అప్పటికి తీరలేదు.