నేలలోకి దిగే పువ్వు

తమిళనాడులో నరికుడి నుంచి అరుప్పుకోట్టై మీదుగా కోవిల్‌పట్టి దారి పడితే కంటినిండా నల్లరేగడి. తమిళులు దీన్ని కరిసల్ నేల అంటారు. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి, వాన పడగానే ఉబ్బి మూసుకుంటుంది. తనను తానే దున్నుకునే నేల! తరాల క్రితం తెలుగు కుటుంబాలు వలస వచ్చి పాతుకుపోయిన సీమ ఇది. ఈ మట్టి కథల్ని తమిళంలో చెప్పిన కి. రాజనారాయణన్ కూడా ఇక్కడి ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టినవారే.

ఈ సీమ వింత చూడాలంటే పొద్దున్నే వేరుశనగ చేలో మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆకుల చాటున గోరంత పసుపు పువ్వు. ఉదయం విచ్చుకుంటుంది, ఆ రోజే వాడిపోతుంది. కథ అక్కడితో అయిపోలేదు. కొద్ది రోజులకు ఆ పువ్వు మొదట్లోంచి సూదిలాంటి ఊడ పుట్టి నేలవైపు వంగుతుంది. గింజ కాబోయే అండం దాని మొనలోనే ఉంటుంది. మట్టిలో దిగి, చీకటి కమ్మాకే కాయ ఊరుతుంది. నేల అందని ఊడ ఎండిపోతుంది. కాయకు కావలసిన కాల్షియాన్ని కూడా వేళ్లు తగినంత అందించలేవు. చుట్టూ ఉన్న మట్టి నుంచి కాయే తన పైతొక్కతో పీల్చుకుంటుంది.

ఆ గింజల్ని వేయించి, పొట్టు చెరిగి, బెల్లం పాకంలో కలిపితే కోవిల్‌పట్టి కడలై మిట్టాయి, మన పల్లీపట్టి. పాకం చుక్క నీళ్లలో వేస్తే గట్టిపడి, పళ్లెం మీద కొడితే టంగుమనాలి. లేతగా దించితే పంటికి అంటుకుంటుంది, మాడితే చేదెక్కుతుంది. పైన రంగురంగుల కొబ్బరి కోరు చల్లుతారు. 2020 ఏప్రిల్ 30న దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరిసల్ పల్లీలు, బెల్లం, పొదిగై కొండల్లో పుట్టిన తామ్రపర్ణి నీళ్లు కలిసిందే ఆ రుచి. ఆ పేరు కోవిల్‌పట్టి ప్రాంతంలో చేసినదానికే చెల్లుతుంది.

ఇటలీలో లిగూరియా తీరం దగ్గర దోల్చెయాక్వా అనే చిన్న ఊరి ఎర్ర వైన్‌కూ 1972 నుంచి ఇలాంటి కట్టుబాటే. ఆ పేరు పెట్టాలంటే అక్కడి కొండవాలుల్లో పండిన రొస్సేసె ద్రాక్ష కనీసం 95 శాతం ఉండాలి.

రుచిని పుట్టిన మట్టితో ముడివేస్తూ మనిషి రాసుకున్న ఈ నియమాన్ని వేరుశనగ ఏనాటి నుంచో పాటిస్తోంది. ఈసారి పల్లీపట్టి విరిచి నోట్లో వేసుకునేటప్పుడు, నేలకు తలవంచిన ఆ పసుపు పువ్వును ఒక్కసారి తలచుకోండి.