కొత్త కారు.. పాత గోడు

* వారంటీ ఉన్నా వదలని వర్క్‌షాపు తిప్పలు
* షోరూం రాష్ట్రం అవతల ఉన్నా.. ఫిర్యాదు సొంత జిల్లాలోనే
* నోటిమాట కాదు, జాబ్‌కార్డే సాక్ష్యం

2009 సెప్టెంబరు 25. హైదరాబాద్‌కు చెందిన ఒక కంపెనీ బీఎండబ్ల్యూ సెవెన్ సిరీస్ కారు కొన్నది. కొత్త కారు మోజు తీరకముందే, 29వ తేదీన, అది వర్క్‌షాపు గడప తొక్కింది. బాగుచేసి ఇచ్చారు. నవంబరు 13న మళ్లీ అదే తరహా ఇబ్బంది. ఇక లాభం లేదని 16న పోలీసుల దగ్గరకు వెళ్లారు. మోసం కేసు నమోదైంది. ఆ గొడవ ఎక్కడ తేలిందో తెలుసా? సుప్రీంకోర్టులో. ఎప్పుడు? 2024 జులై 10న. అంటే దాదాపు పదిహేనేళ్లకు!

అంత ఖరీదైన కారు, అంత పేరున్న కంపెనీ. కొన్నవారూ చిన్నవారేం కాదు. వారికే ఇన్నేళ్లు పడితే నెలజీతంపై, బ్యాంకు అప్పుతో కారు కొన్న సామాన్యుడి సంగతేంటి? అందులోనూ ఇల్లు ఒక రాష్ట్రంలో, షోరూం మరో రాష్ట్రంలో ఉండే సరిహద్దు ఊళ్లవారి సంగతేంటి?

హోసూరువాసికి కారు షోరూం అంటే బెంగళూరే. బళ్లారివాసి బెంగళూరుకైనా వెళ్తాడు, హైదరాబాద్‌కైనా వెళ్తాడు. బరంపురం, పర్లాకిమిడి వైపువారికి విశాఖ దగ్గర. పెళ్లి సంబంధాలకూ, ఆసుపత్రికీ సరిహద్దు దాటడం అలవాటైన జనం కారు కోసమూ దాటుతారు. కొనేటప్పుడు ఆ దూరం దూరంగా అనిపించదు. బండి మొరాయించినప్పుడే కిలోమీటర్లు గుర్తొస్తాయి.

వేగం ఎక్కువ.. వేడీ ఎక్కువే

ఒకప్పుడు పెద్ద ఇంజిన్ ఇచ్చే సత్తువను ఇప్పుడు చిన్న ఇంజిన్‌కు టర్బో తగిలించి రాబడుతున్నారు. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగే టర్బోలోని చక్రాన్ని తిప్పుతుంది. అది నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. దాని బేరింగులు చల్లగా ఉండాలంటే ఇంజిన్ ఆయిల్ శుభ్రంగా ఉండాలి, సమయానికి అందాలి. ఏ కాస్త తేడా వచ్చినా దెబ్బ దానికే ముందు తగులుతుంది.

గేరుబాక్సు కథ మరొకటి. జోరుగా పరుగెత్తే కార్లు చాలావాటిలో రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్లు ఉంటాయి. బేసి గేర్లు ఒక క్లచ్‌కు, సరి గేర్లు రెండోదానికి. ఒక గేరు పనిచేస్తుండగానే తర్వాతిది సిద్ధంగా ఉంటుంది. అందుకే ఖాళీ రోడ్డుపై అవి వెన్నలా మారతాయి. అదే బండి సాయంత్రంపూట సిల్క్‌బోర్డు కూడలి నుంచి అత్తిబెలె దాకా అడుగులో అడుగేస్తూ రావాలంటే? క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు. ఒరుసుకుంటూనే ఉంటుంది. నూనెలో మునిగి ఉండే రకమైతే వేడి కొంత తగ్గుతుంది. పొడి రకమైతే ఆ అవకాశమూ తక్కువే. వేడి హద్దు మీరగానే కంప్యూటర్ హెచ్చరిక దీపం వెలిగించి ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. మెకానిక్‌లు దీన్ని లింప్‌మోడ్ అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే కుంటినడక.

అసలు చిక్కంతా ఇక్కడే. అరగంట ఆపితే బండి చల్లబడుతుంది. దీపం ఆరిపోతుంది. మర్నాడు వర్క్‌షాపుకు తీసుకెళ్తే లేడిపిల్లలా పరుగెత్తుతుంది. వారు కంప్యూటర్ తగిలించి, నమోదైన తప్పు కోడ్‌ను చెరిపేసి, 'ఏమీ లేదు సార్' అని తాళం చేతిలో పెడతారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కూడలిలో అదే దీపం! మూడోసారి వెళ్తే, 'మీరు నడిపే తీరులోనే ఏదో ఉంది' అన్న మాట వినాల్సి వస్తుంది.

తప్పు నడిపేవారిదేనా?

ఈ మాట ఎప్పుడూ నిజం కాదనడానికి పెద్ద ఉదాహరణే ఉంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలోని ఏడు గేర్ల, పొడి క్లచ్‌ల డీఎస్‌జీ గేరుబాక్సుపై చైనాలో ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాయి. 2013 మార్చి 15న, వినియోగదారుల హక్కుల దినోత్సవం రోజున, అక్కడి ప్రభుత్వ టీవీ ఆ విషయాన్ని బయటపెట్టింది. ఆ వెంటనే కంపెనీ 3,84,181 కార్లను వెనక్కి పిలిపించింది. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లకు గేరుబాక్సు ఆయిల్ మార్చేందుకు పూనుకుంది. సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోశారు. వేడి, తేమ ఎక్కువగా ఉండి, ఆగుతూ సాగుతూ నడిచేచోట గేరుబాక్సుకు అందే విద్యుత్తులో లోపం రావచ్చన్నది అందుకు చెప్పిన కారణం.

వేడి, తేమ, ఆగుతూ సాగే ట్రాఫిక్! మన ఊళ్ల సంగతే చెప్పినట్లు లేదూ? ఒక్కడు చెబితే అది నడపడం రానివాడి గోడు. వేలమంది చెబితే అది తయారీ లోపం. తేడా కారులో లేదు, ఎంతమంది రాసిపెట్టారన్నదాంట్లో ఉంది.

మన దేశంలోనూ 2021 ఏప్రిల్ 1 నుంచి వాహనాల రీకాల్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ వాటికి ఆధారం. ఒకే మోడల్‌పై తగినన్ని ఫిర్యాదులు నమోదైతే వాటిని వెనక్కి పిలిపించాలని కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఏడేళ్లలోపు వాహనాలకు ఇది వర్తిస్తుంది.

దేవుడు వరమిచ్చినా..

వారంటీ ఇచ్చేది కంపెనీ. దాన్ని అమలుచేయాల్సింది డీలర్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ అతికినట్లు సరిపోతుంది. డీలర్‌ను అడిగితే కంపెనీ అనుమతి రాలేదంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే డీలర్‌నే కలవమంటుంది. ఎక్కువగా వినిపించే సాకులు కొన్ని ఉన్నాయి. క్లచ్ పళ్లెం అరిగే వస్తువు కాబట్టి వారంటీ రాదంటారు. పెట్రోలు కల్తీ అయిందంటారు. సర్వీసు నాలుగు వందల కిలోమీటర్లు ఆలస్యమైందంటారు. బయట లైట్లో, మ్యూజిక్ సిస్టమో పెట్టించి వైర్లు కోశారంటారు.

వీటిలో కొన్ని నిజంగానే వారంటీ షరతుల్లో ఉంటాయి. ముఖ్యంగా కుర్రకారుకు ఒక మాట. ఇంకాస్త జోరు కోసం ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించుకుంటే వారంటీపై ఆశ వదులుకోవాల్సిందే. అది చేయించుకుని తర్వాత తీసేసినా ఆనవాళ్లు దొరికే అవకాశం ఉంది.

రాసిందే చెల్లుతుంది

సరిహద్దువాసుల కష్టం ఇంకోటుంది. బండి బాధ ఇంట్లో తెలుగులో చెప్పుకుంటారు. వర్క్‌షాపులో వచ్చీరాని కన్నడంలోనో తమిళంలోనో చెబుతారు. అక్కడి సర్వీస్ అడ్వైజర్ దాన్ని ఇంగ్లిషులో రెండు ముక్కల్లో రాసుకుంటాడు. 'మూడో గేరులో కుదుపు, దీపం వెలిగి బండి ఆగింది' అన్న ఫిర్యాదు కాస్తా కాగితం మీద 'జనరల్ చెకప్' అయిపోతుంది. హడావుడిలో కింద సంతకం పెట్టేస్తారు. ఏడాది తర్వాత కమిషన్ ముందు చూసేది ఆ కాగితాన్నే. ఆరుసార్లు తిరిగినా ఆరూ మామూలు సర్వీసులుగానే కనిపిస్తాయి!

అందుకే జాబ్‌కార్డులో మన ఫిర్యాదు మన మాటల్లోనే రాయించాలి. చదివి, చదవలేకపోతే చదివించుకుని, ఆ తర్వాతే సంతకం. ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగాలు అందులో ఉండాలి. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు మీటరుతో సహా వీడియో తీసుకోవాలి. బండి ఆపాకే సుమా! స్కానర్‌లో వచ్చిన కోడ్‌ల ప్రింటు అడగాలి. టోయింగ్ రసీదులు దాచాలి. ఫోన్‌లో మాట్లాడినదంతా అదేరోజు కంపెనీకి ఈమెయిల్‌గా పంపితే తర్వాత 'మాకు చెప్పలేదు' అనే వీలుండదు.

ఇంటి దగ్గరే ఫిర్యాదు

1986 నాటి వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే డీలర్, కంపెనీ వ్యాపారం చేసే చోటుకో, వివాదం పుట్టిన చోటుకో వెళ్లాల్సి వచ్చేది. హోసూరువాసి బెంగళూరు చుట్టూ తిరగాలి. ఒక్కో వాయిదాకు ఒక్కో సెలవు. చాలామంది అక్కడే ఆగిపోయేవారు.

2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఈ ముడి విప్పింది. కొన్నవారు నివసించే చోట, లేదా పనిచేసే చోట కూడా ఫిర్యాదు వేయొచ్చని 34వ సెక్షన్ చెబుతోంది. బెంగళూరులో కొన్న హోసూరువాసి కృష్ణగిరి జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో కొన్న బళ్లారివాసి బళ్లారిలోనే వేయొచ్చు. విశాఖలో కొన్న బరంపురంవాసి గంజాం జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. రావాల్సింది ఇక కంపెనీయే! అయితే చిరునామాకు ఆధారాలు సరిగ్గా ఉండాలి. పన్ను తగ్గుతుందని ఎవరిదో చిరునామాతో బండి రిజిస్టర్ చేయించినవారికి ఇక్కడ చిక్కే.

కారుకు చెల్లించిన ధర రూ.50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, అది దాటి రూ.2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. 2021 డిసెంబరులో ఈ పరిమితులు పెట్టారు. ఫీజు చూసి భయపడనక్కర్లేదు. రూ.5 లక్షల వరకు లేదు. రూ.10 లక్షల వరకు 200, రూ.20 లక్షల వరకు 400, రూ.50 లక్షల వరకు వెయ్యి రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. వీడియో ద్వారా హాజరయ్యే వీలు చట్టంలోనే ఉంది. గడువు మాత్రం రెండేళ్లే. 'వచ్చేనెల చూద్దాం' అంటూ డీలర్ జరుపుకుంటూ పోతే నష్టపోయేది కొన్నవారే.

ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఇది. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇది తీర్పు ఇవ్వదు కానీ కంపెనీకి విషయం చేరవేసి రాజీకి ప్రయత్నిస్తుంది.

కారు మారుస్తారా?

ఇక్కడ ఆశలు అదుపులో ఉంచుకోవాలి. క్లచ్ గొడవతో వచ్చిన మారుతి కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఒక మాట చెప్పింది. లోపమున్న భాగాన్ని మార్చాలన్నదే వారంటీ షరతు అయినప్పుడు మొత్తం కారు మార్చమనడం కుదరదని. తయారీ లోపమని నిరూపించే భారం సాధారణంగా కొన్నవారిదే. అవసరమైతే కమిషన్ నిపుణుల పరీక్షకు పంపిస్తుంది.

అలాగని తలుపులన్నీ మూసుకుపోలేదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొన్నవారి పక్షాన నిలిచింది. ఎంత వేగానికి, ఎంత బలానికి అవి తెరుచుకోవాలో లెక్కగట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదని తేల్చింది. కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది. డైరెక్టర్ సొంత వాడకానికి కంపెనీ పేరుతో కారు కొన్నా వినియోగదారుగానే చూడొచ్చని 2024 జులైలో మరో కేసులో చెప్పింది. వ్యాపారం కోసం కొన్నారంటూ తప్పించుకోవడం ఇక అంత తేలిక కాదు.

మళ్లీ ఆ హైదరాబాద్ కారు సంగతికి వద్దాం. 2012 మార్చి 22న అప్పటి ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు మోసం కేసు కొట్టేసింది. కానీ కొత్త కారు ఇమ్మంది. కారు ఇస్తామని కంపెనీ ముందుకొచ్చింది. కొన్నవారు మాత్రం డబ్బే కావాలన్నారు. చివరికి సుప్రీంకోర్టు హైకోర్టు ఆదేశాన్ని పక్కనపెట్టి, అన్ని లెక్కలకూ కలిపి రూ.50 లక్షలు 2024 ఆగస్టు 10లోగా చెల్లించాలంది. గేరులో తేడా వస్తే అది మోసం కిందకు రావడం కష్టం. పోలీసుస్టేషన్ దారి ఎంత పొడవో ఈ కేసే చెబుతోంది.

వర్క్‌షాపులో సంతకం కోసం కలం చేతికిచ్చినప్పుడు రెండు నిమిషాలు ఆగి చదివితే చాలు. ఆ కాగితం మీదున్న మాటే రేపు కృష్ణగిరిలోనైనా, బళ్లారిలోనైనా కొన్నవారి తరఫున మాట్లాడేది.