లైటు వేస్తే మొటిమలు పోతాయా?

రీల్స్ చూస్తుంటే మధ్యలో ఒకటి తప్పకుండా తగులుతుంది. ముఖానికి రోబోలాంటి మాస్కు, లోపల నీలం, ఎరుపు లైట్లు. ‘రోజూ పది నిమిషాలు చాలు, మొటిమలు మాయం’ అని క్యాప్షన్. ధర చూస్తే గుండె గుభేల్ మంటుంది. అయినా బుగ్గల మీద మొటిమలు, వచ్చే నెల్లో అక్క పెళ్లి! చెయ్యి దానంతటదే ‘బై నౌ’ మీదకు పోతుంది. ఆగండి. ఆ లైటు ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకుని అప్పుడు నొక్కండి.

బ్యాక్టీరియాకి నీలి దెబ్బ

మొటిమ రావడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు. చర్మంలోని గ్రంథులు నూనె ఎక్కువగా తయారుచేస్తాయి. రాలిపోవాల్సిన మృతకణాలు రంధ్రానికి బిరడాలా అడ్డుపడతాయి. లోపల క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. వీటికి వాపు తోడవుతుంది.

ఈ బ్యాక్టీరియా పార్ఫైరిన్లు అనే పదార్థాల్ని తయారుచేస్తుంది. సుమారు 415 నానోమీటర్ల నీలికాంతి వాటికి తగిలితే, చురుకైన ఆక్సిజన్ పుట్టి ఆ బ్యాక్టీరియానే చంపేస్తుంది. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే! ఎర్రకాంతి ఇంకాస్త లోతుకెళ్లి వాపు తగ్గిస్తుంది. అందుకే రెండూ కలిపి వాడతారు.

వెలుగుతో చర్మానికి వైద్యం ఈనాటిది కాదు. చర్మానికొచ్చే క్షయకి కాంతితో చికిత్స చేసినందుకు నీల్స్ ఫిన్సెన్ అనే డెన్మార్క్ డాక్టరుకి 1903లోనే నోబెల్ వచ్చింది.

‘అయితే ఎండలో కూర్చుంటే పోలా?’ అంటారేమో. వద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మొటిమల మచ్చల్ని ఇంకా నల్లగా చేస్తాయి.

క్లినిక్‌లో సంగతి వేరు

డాక్టర్ల దగ్గర ఇంతకన్నా గట్టి పద్ధతులున్నాయి. ఫొటోడైనమిక్ థెరపీలో ముందు ఒక మందు రాసి, కాసేపాగి లైటు వేస్తారు. ఫలితం ఎక్కువే, బాధా ఎక్కువే. మంట, ఎరుపు, పొట్టు రేగడం మామూలు. తర్వాత 48 గంటలైనా ఎండలోకి వెళ్లకూడదు. ఇక 1726 నానోమీటర్ల లేజర్ నేరుగా నూనె గ్రంథుల మీదే పనిచేస్తుంది. దీనికి అమెరికాలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2022లో.

మరి మాస్కు కొనాలా?

పై నాలుగు కారణాల్లో నీలికాంతి చూసుకునేది ఒక్క బ్యాక్టీరియానే. ఎర్రకాంతిది వాపు పని. బిరడా అలాగే ఉంటుంది కాబట్టి బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ దీనికి లొంగవు. లోతైన గడ్డల్లాంటి మొటిమలకూ ఇది చాలదు. లైటు ఆపేస్తే బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతుంది. కాంతి చికిత్సల మీద జరిగిన 71 అధ్యయనాల్ని కాక్రేన్ సంస్థ 2016లో పరిశీలించి, గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. అంటే లైటు పనికిరాదని కాదు, మందుకి తోడుగా ఉంటుంది కానీ మందు స్థానంలోకి రాదు.

బిరడా తీసే అడాపలీన్, బ్యాక్టీరియాని చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీములు మాస్కు ధరలో చిన్న వంతుకే వస్తాయి. కాకపోతే 8 నుంచి 12 వారాల ఓపిక కావాలి. ఏది వాడాలో డాక్టర్నే అడగండి, గర్భిణులైతే మరీనూ. నెలసరి సరిగ్గా రాక మొటిమలు వస్తుంటే హార్మోన్ల పరీక్ష ముందు, లైటు తర్వాత.

మన రంగుకి జాగ్రత్త

చామనఛాయ చర్మంలో మెలనిన్ ఎక్కువ. కొన్ని లేజర్లు, ఐపీఎల్ లాంటి బలమైన లైట్ల వేడిని అది లాగేసుకుంటుంది. సెట్టింగ్ తప్పితే చర్మం కాలి, నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. అందుకే ఇవి బ్యూటీపార్లర్లో చేయించుకునేవి కావు. ‘నాలాంటి రంగువాళ్లకి చేశారా? ముందు చిన్నచోట పరీక్షిస్తారా?’ అని డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి.

కళ్లూ ముఖ్యమే. కొన్ని కంటి జబ్బులున్నవాళ్లకీ, కాంతిని తట్టుకోలేకుండా చేసే మందులు వాడేవాళ్లకీ ప్రమాదం ఉండొచ్చని న్యూట్రోజీనా తన లైట్ మాస్కుని 2019లో వెనక్కి తీసుకుంది. మొటిమలకి తరచూ రాసే డాక్సీసైక్లిన్ కూడా అలాంటి మందే! మీరు వాడుతున్న మాత్రలన్నీ డాక్టరుకి చెప్పాకే లైటు జోలికెళ్లండి.

గడ్డల్లా వచ్చి నొప్పెడుతున్నా, గుంటలు పడుతున్నా ఏ మాస్కు కోసమూ ఎదురుచూడకండి. మొటిమ ఇవాళ కాకపోతే రేపు తగ్గుతుంది. గుంట పడితే మాత్రం అంత తేలిగ్గా పూడదు. అది పడకముందే స్కిన్ డాక్టర్ని కలవండి.